తొమ్మిది నీళ్ళ బాబాయి

చివరి రోజున బాబాయి చేసిన మామూలు పని, కడిగిన గాజుపళ్ళేన్ని మళ్ళీ కడగడం. అరచేతిలో ఇమిడేంత చిన్న పళ్ళెం అది. అప్పటికే ఎనిమిది నీళ్ళు చూసింది. తొమ్మిదో నీళ్ళు పోసి, దీపం వైపు ఎత్తి, ఒక కన్ను మూసి చూసి, గుడ్డ మీద బోర్లించి, "ఇప్పుడు దీన్ని పళ్ళెం అనొచ్చు" అన్నారు. గొడుగు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయారు. అది శుక్రవారం సాయంత్రం. ఆదివారం పొద్దున పేపరు చదువుతూ చదువుతూ కుర్చీలోనే పోయారు. రెండో పేజీ సగంలో ఉన్నారట.

బాబాయి గురించి ఒక్క మాటలో చెప్పమంటే ఇంతే: ఆయన కడిగేవారు. కొందరు కూనిరాగాలు తీస్తారు, కొందరు గోళ్ళు కొరుక్కుంటారు, బాబాయి కడిగేవారు. చేతులు కడుక్కోబోయే ముందు చేతులు కడుక్కునేవారు. కుళాయి తిప్పితే దాని మురికి చేతికి అంటుతుందని ముందు కుళాయిని కడిగేవారు. కుళాయిని కడగాలంటే నీళ్ళు కావాలి కాబట్టి కుళాయి తిప్పేవారు. ఈ చిక్కుముడి ఎక్కడ మొదలై ఎక్కడ తెగేదో ముప్ఫై ఏళ్ళుగా ఎవరికీ అంతుపట్టలేదు.

ఆయన పనిచేసింది మొక్కల పిండాల మీద పరిశోధన జరిగే ఒక ల్యాబులో. పదవి పేరు సహాయకుడు. పేరుకే సహాయకుడు గానీ అక్కడ డిగ్రీ తీసుకున్నవాళ్ళంతా ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని పని నేర్చుకున్నవాళ్ళే. ఇప్పుడు ఆ ల్యాబుకి పెద్ద అయిన ప్రొఫెసరమ్మ కూడా ఒకప్పుడు ఆ స్టూలు మీదే కూర్చుంది. అందుకని అందరికీ ఆయన బాబాయే. ఐదేళ్ళ క్రితం పరిశోధనకి చేరిన ఒకమ్మాయిని ఆయన మొదటి రోజున "కొత్తమ్మాయి" అని పిలిచారు. తరవాత మరో నలుగురు చేరారు. అయినా కొత్తమ్మాయి అంటే ఆమే. బాబాయి పెట్టిన పేరు ఎన్ని నీళ్ళు పోసినా వదలదు.

చేరిన వారంలోనే ఆమెకి ఆ మనిషి లోతు తెలిసింది. బాబాయి కొత్త సబ్బు ఒకటి తెచ్చి, కాగితం విప్పి, కుళాయి కింద పట్టి దాన్ని రుద్ది రుద్ది కడుగుతున్నారు. పక్కనే సీనియరు నిలబడి చూస్తున్నాడు. సీనియరంటే ఆమె కన్నా రెండేళ్ళు ముందు చేరినవాడు. బాబాయి కడుగుళ్ళు లెక్కపెట్టడం అతని రెండో పరిశోధన.

"సబ్బుని దేంతో కడుగుతున్నారు బాబాయ్?"

"పాత సబ్బుతో."

"మరి పాత సబ్బుని?"

"దాన్ని నిన్న కడిగేశాను."

క్యాంటీనులో టీ గ్లాసుని తాగే ముందు ఒకసారి, తాగాక ఒకసారి, తిరిగిచ్చేటప్పుడు దారిలో మరోసారి కడిగేవారు. క్యాంటీను యజమాని మొదట్లో నొచ్చుకున్నాడు. తరవాత తెలివి తెచ్చుకున్నాడు. రద్దీగా ఉన్న రోజుల్లో ఎంగిలి గ్లాసులన్నీ తెచ్చి బాబాయి కూర్చున్న బల్ల మీద పెట్టి, తనకేమీ తెలియనట్టు పక్కకి వెళ్ళి నిలబడేవాడు. అరగంటకి గ్లాసులన్నీ తళతళా మెరుస్తూ వరసగా బోర్లించి ఉండేవి. వానలో తడిసిన గొడుగుని బాబాయి లోపలికి తెచ్చి కుళాయి కింద పట్టేవారు. వాన నీళ్ళు ఎక్కడెక్కడ తిరిగొచ్చాయో ఎవరికి తెలుసు అనేవారు.

మాటల్ని కూడా వదిలేవారు కాదు. పై అంతస్తువాళ్ళ యంత్రం పాడైందట అని ఎవరైనా చెప్తే, "ఆ మాటకి ఎన్ని నీళ్ళు పోశావు?" అని అడిగేవారు. ఎవరో అనగా విన్నానంటే, ఒక్క నీళ్ళు కూడా పడలేదన్నమాట అని తన పనిలో మునిగేవారు. రెండు రోజులకి ఆ యంత్రం నిక్షేపంగా ఉందనీ, పాడైంది దాని మీద తిరిగే ఫ్యాననీ తేలేది.

ఇంత కడుగుడూ ఆ ల్యాబులో చలామణీ కావడానికి ఒక కారణముంది. అక్కడి పనే కడుగుడు పని.

ఆవ కుటుంబానికి చెందిన జానెడు మొక్కలు కిటికీ పక్కన అరల్లో వరసగా పెరిగేవి. ఒక రకం మొక్క పువ్వుకి మరో రకం మొక్క పుప్పొడిని సన్నటి కుంచెతో అద్దేవారు. గంటలు లెక్కపెట్టి, సరిగ్గా సమయానికి ఆ కాయను కోసి, ఇంకా గింజ కాని గింజను సూదులతో చీల్చి, అందులోంచి పిండాన్ని తీసేవారు. అప్పటికి ఆ పిండంలో ఉండేవి రెండు కణాలు, మహా అయితే ఎనిమిది. ఉప్పురవ్వ దాని ముందు బండరాయి. దాన్ని వెంట్రుకలాంటి గాజుగొట్టంతో పీల్చి, శుభ్రమైన నీటిచుక్కలోకి వదలాలి. అక్కడి నుంచి మళ్ళీ పీల్చి ఇంకో చుక్కలోకి. అదే కడగడం. పుస్తకం ప్రకారం మూడు చుక్కలు, అంటే మూడు నీళ్ళు. బాబాయి ప్రకారం తొమ్మిది.

వాళ్ళు తెలుసుకోవాలనుకున్నది చిన్న సంగతే. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం జన్యువులు తెచ్చుకున్న ఆ బుల్లి పిండంలో మొదటి రోజుల్లో ఎవరి జన్యువులు పనిచేస్తాయి? ఇద్దరివీనా, లేక తల్లివి ఇల్లు నడుపుతుంటే తండ్రివి ముసుగు తన్ని పడుకుంటాయా? పనిచేసే జన్యువు ఊరికే ఉండదు, చీటీల్లాంటివి రాసి కణంలోకి పంపుతుంటుంది. రెండు రకాల మొక్కల్ని కలిపారు కాబట్టి తల్లి వైపు చీటీకీ తండ్రి వైపు చీటీకీ ఒకటో రెండో అక్షరాలు తేడా ఉంటాయి. పిండాల్ని చితిపి యంత్రానికి ఇస్తే, ఆ చీటీలు చదివి, ఎవరివి ఎన్నో అది చెప్తుంది.

చిక్కల్లా గింజ తొక్కతోనే. తొక్క పూర్తిగా తల్లి ఒళ్ళు. పిండాన్ని బయటికి తీసేటప్పుడు తొక్కలోని కణాలు చితికి దానికి అంటుకుంటాయి. కొత్తమ్మాయికి ఈ సంగతి బాబాయి చెప్పిన తీరు ఆ తరవాత ఏ పుస్తకంలోనూ ఆమెకి కనపడలేదు.

"పసిపిల్లని తల్లి చంకలోంచి తీసుకున్నావనుకో, పిల్ల గుప్పిట్లో తల్లి వెంట్రుకలు నాలుగు వస్తాయి. ఆ వెంట్రుకలు కొలిచి, పిల్లకి మూరెడు జడ ఉందని రాసేస్తే ఎలా అమ్మా? గుప్పిలి విప్పి కడుగు."

గుప్పిలి విప్పడం అంత తేలిక కాదు. మొదటి రోజు కొత్తమ్మాయి రెండు గంటలు కష్టపడి ఒకే ఒక్క పిండాన్ని బయటికి తీసింది. ఆరు చుక్కలు దాటించింది. ఏడో చుక్కలో చూస్తే పిండం లేదు. ఆరో చుక్కలో లేదు, గొట్టంలో లేదు, బల్ల మీద లేదు. ఆమె చెయ్యి అప్పటికి గంట నుంచి వణుకుతూనే ఉంది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. బాబాయి మైక్రోస్కోపులోంచి తలెత్తి, ఇదంతా తన చాదస్తం వల్లే అన్నారు. మూడు నీళ్ళతో ఆపి ఉంటే దొరికేదనీ, ఏడో నీళ్ళు పొయ్యమన్నది తనేననీ, తనకి బుద్ధి లేదనీ తనని తానే తిట్టుకున్నారు. ల్యాబు పుస్తకం తీసి ఆ రోజు తేదీ కింద తన చేత్తో రాశారు: పిండం ఒకటి పోయింది, కారణం బాబాయి అతికడుగుడు.

ఆ పుస్తకాలు అలమరలో ముప్ఫై ఏళ్ళవి ఉన్నాయి. ప్రతి పేజీలోనూ పోయిన పిండాలున్నాయి, ప్రతి పిండం పక్కనా అదే కారణముంది. ప్రొఫెసరమ్మ నెలకోసారి ఆ పేజీలు తిప్పి, బాబాయి గారూ మీ కడుగుడు తగ్గించండి అని మందలించేది. ఆయన బుద్ధిగా తలూపి, పక్కనున్న ఖాళీ గ్లాసు కడిగేవారు.

ఆయనకి ఇంకో పిచ్చి కూడా ఉందని సీనియరు కొత్తవాళ్ళకి ఫ్రీజరు తలుపు తీసి మరీ చూపించేవాడు. కింది అర నిండా చిన్న చిన్న ట్యూబులు. వాటిలో ఉన్నది ఆఖరిసారి కడిగిన నీళ్ళు. కడగడం సరే, కడిగిన నీళ్ళు దాచడమేంటని అడిగితే బాబాయి ఎంతో మర్యాదగా జవాబు చెప్పేవారు. ఆఖరి నీళ్ళు శుభ్రంగా ఉంటేనే కదా అందులో మునిగిన పిండం శుభ్రంగా ఉన్నట్టు. నీళ్ళలో కూడా చీటీలు కనపడితే, అవి పిండానివి కావు. అంతా విని సీనియరు, ఊళ్ళో నీళ్ళకి కరువొస్తే మన ల్యాబు నెల రోజులు నెట్టుకొస్తుందని తేల్చేవాడు.

మూడో ఏడు పిన్నికి కంటి ఆపరేషనని బాబాయి నాలుగు రోజులు సెలవు పెట్టారు. మొక్కలకి ఎవరి కన్నూ పట్టదు కదా, సరిగ్గా ఆ నాలుగు రోజుల్లోనే కాయలు వయసుకొచ్చాయి. ఆ కాయల మీదే కొత్తమ్మాయి డిగ్రీ ఆధారపడి ఉంది. నెలల తరబడి పెంచిన మొక్కలవి. వదిలేస్తే మళ్ళీ మొదటి నుంచి పెంచుకోవాలి.

ఆమె ఒంటరిగా కూర్చుంది. నలభై పిండాలు తీసింది. మొదటి నాలుగింటిని మూడేసి చుక్కలు దాటించేసరికి రెండు మాయమయ్యాయి. నేను కడిగించబట్టి పోయాయని చెప్పడానికి పక్కన ఎవరూ లేరు. మిగిలినవాటికి ఒక్క నీళ్ళే పోసింది. ముప్ఫై ఎనిమిది పిండాలూ చెక్కుచెదరకుండా ట్యూబులోకి చేరాయి. పుస్తకంలో "కడిగిన నీళ్ళు" అన్న గడిలో మాత్రం మూడు అని రాసింది. బాబాయి దగ్గర అబ్బిన అలవాటు కొద్దీ ఆ నీళ్ళు కూడా ఒక ట్యూబులో పట్టి ఫ్రీజరు కింది అరలో పెట్టింది.

యంత్రం చీటీలు చదివి చెప్పిన మాటకి ల్యాబంతా లేచి నిలబడింది. నూటికి తొంభై చీటీలు తల్లివి. తండ్రి జన్యువులు దాదాపు నిద్రలో ఉన్నాయి. ప్రొఫెసరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఈ సంగతి నాకు పెళ్ళైన వారానికే తెలుసు, రుజువు ఇప్పుడు దొరికింది అంది. అందరూ నవ్వారు. వ్యాసం రాయడం మొదలైంది. పేర్లలో మొదటి పేరు కొత్తమ్మాయిది. వచ్చే సోమవారం పత్రికకి పంపాలని రోజు కూడా పెట్టారు.

సెలవు నుంచి వచ్చిన బాబాయి అంతా విన్నారు. చేతులు కడుక్కున్నారు. కొత్తమ్మాయి దగ్గరికొచ్చి అడిగారు.

"ఎన్ని నీళ్ళమ్మా?"

"మూడు బాబాయ్."

"ఆఖరి నీళ్ళు పట్టావా?"

"పట్టాను."

"మంచిపని చేశావు."

మర్నాటి నుంచి ఆయన ప్రొఫెసరమ్మ వెంట పడ్డారు. ఆ నీళ్ళ ట్యూబుని కూడా ఒకసారి యంత్రానికి చూపిద్దామమ్మా అని పొద్దున అడిగేవారు. మెట్ల మీద ఎదురైతే అడిగేవారు. మీటింగులో ఉంటే తలుపు దగ్గర నిలబడి చేత్తో చిన్న ట్యూబు గుర్తు చూపించేవారు. కడుగునీళ్ళు చదవడానికి అంత పెద్ద యంత్రాన్ని ఒక పూట ఆపనని ఆవిడ ఖరాకండిగా చెప్పింది. అయితే అరపూట చాలన్నారు బాబాయి. బుధవారానికి ఆవిడ ఆయన కనపడితే పక్క దారిలో వెళ్ళడం మొదలుపెట్టింది.

కొత్తమ్మాయికి ముద్ద మింగుడుపడటం లేదు. వ్యాసం చిత్తుప్రతిలో తన పేరు కనపడినప్పుడల్లా ఆ కాగితాన్ని బోర్లించి పెట్టేది. గురువారం ఉదయం పై అంతస్తువాళ్ళ ట్యూబులతో పాటు తన నీళ్ళ ట్యూబుని కూడా, ఎవరికీ చెప్పకుండా, యంత్రం దగ్గర పెట్టి వచ్చింది. శనివారం జవాబొచ్చింది. ఆ నీళ్ళ నిండా చీటీలే. అన్నీ తల్లివి, అందులోనూ గింజ తొక్క రాసేవి. వాళ్ళు ఇన్నాళ్ళూ కొలిచింది పిల్ల జడ కాదు, గుప్పిట్లో ఉండిపోయిన తల్లి వెంట్రుకలు.

ఆ కాగితం పట్టుకెళ్ళి ప్రొఫెసరమ్మ బల్ల మీద పెట్టింది. అది పెట్టడానికి కావలసిన ధైర్యం ఎలాగో వచ్చింది. దాని వెనకున్న మాట చెప్పడానికి మాత్రం రాలేదు. లెక్క తప్పితే ఆ ల్యాబులో క్షమించేవారు. చెయ్యి జారితే ఓదార్చేవారు. ఒక్కటి చేసి మూడు అని రాసినవాళ్ళని మాత్రం గుమ్మం బయటికి పంపేవారు. అంతకు ముందు ఒకతన్ని పంపారు కూడా.

ఆ మధ్యాహ్నమే అందర్నీ కూర్చోబెట్టి ప్రొఫెసరమ్మ ఒక్కటే అడిగింది. మూడు నీళ్ళు పోసినా ఇంత తొక్క ఎలా మిగిలింది? కొత్తమ్మాయి నోరు తెరిచింది. ఇంతలో బాబాయి లేచారు.

"అవి కడిగింది నేనమ్మా. ఒక్క నీళ్ళే పోశాను."

సీనియరు చేతిలోంచి కలం జారి కిందపడింది. సూర్యుడు పడమట పొడిచాడని చెప్పినా అక్కడివాళ్ళు కిటికీలోంచి ఒకసారి తొంగిచూసి ఉండేవారు. బాబాయి ఒక్క నీళ్ళు పోశారంటే ఎవరూ కదల్లేదు.

"మీరా? ఒక్క నీళ్ళా?" అంది ప్రొఫెసరమ్మ.

"ఆ రోజు కుళాయి రాలేదమ్మా."

"ఇక్కడ పిండాల్ని కుళాయి నీళ్ళతో కడుగుతారా బాబాయి గారూ?"

"కడగరు. కానీ కుళాయి రాకపోతే నాకు మనసు బాగుండదు."

"పుస్తకంలో మూడు అని ఉంది. రాత కొత్తమ్మాయిది."

"నేను చెప్తే రాసింది. కళ్ళజోడు మర్చిపోయి వచ్చాను. నోరు కూడా జారింది."

ఆ రోజు మీరు సెలవులో ఉన్నారు కదా అనబోయి సీనియరు నోరు తెరిచాడు. బల్ల కింద బాబాయి అతని కాలు తొక్కారు. సీనియరు నోరు మూసుకుని కలం వెతుక్కున్నాడు. ప్రొఫెసరమ్మ బాబాయిని చాలాసేపు చూసింది, తరవాత కొత్తమ్మాయిని చూసింది, ఆ తరవాత కిటికీలోంచి మొక్కల్ని చూసింది. వ్యాసం ఆపేస్తున్నామంది. మొక్కలు మళ్ళీ పెంచమంది. ఈసారి తొమ్మిది నీళ్ళంది.

వరండాలో కొత్తమ్మాయి బాబాయిని ఆపింది. అలా ఎందుకు చెప్పారని అడిగింది. ఆయన కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ, ఆమె వైపు చూడకుండానే చెప్పారు.

"చాదస్తపువాడు ఒకసారి తప్పు చేస్తే జనం నవ్వి వదిలేస్తారమ్మా. కొత్తవాళ్ళు చేస్తే గుర్తుపెట్టుకుంటారు. ఇన్నేళ్ళు కడిగి ఇంత పేరు తెచ్చుకున్నాను. ఎప్పుడో ఒకప్పుడు వాడుకోవద్దూ?"

ఆ తరవాత నాలుగు నెలలూ బాబాయిని ఎగతాళి చెయ్యనివాడు ఆ అంతస్తులో లేడు. క్యాంటీను యజమాని కూడా, ఇవాళ ఒక్క నీళ్ళే పోస్తారా, మూడా, అని అడిగేవాడు. బాబాయి నవ్వుతూ గ్లాసు కడిగేవారు. ఎప్పుడూ లేనంత హుషారుగా ఉండేవారు.

మొక్కలు మళ్ళీ పూశాయి. కుంచె, పుప్పొడి, గంటల లెక్క, సూదులు, చుక్కలు, అన్నీ మళ్ళీ మొదలు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని కడిగారు. కొత్తమ్మాయి చేతిలోంచి మొదటి వారం పదకొండు పిండాలు పోయాయి. పదకొండింటి పక్కనా బాబాయి అతికడుగుడే కారణమని పుస్తకంలో చేరింది. రెండో వారం నాలుగు పోయాయి. మూడో వారం ఒక్కటీ పోలేదు. ఆ రోజు తొమ్మిదో చుక్కలో గుండ్రంగా, పచ్చిముత్యంలా నిలబడ్డ పిండాన్ని చూస్తూ తన చెయ్యి వణకడం లేదని ఆమె గమనించింది. ఎప్పుడు మానిందో తెలియదు.

ఆఖరి నీళ్ళని ముందు యంత్రానికి చూపించారు. ఖాళీ. ఒక్క చీటీ లేదు. తరవాత పిండాల్ని చూపించారు. తల్లి చీటీలూ తండ్రి చీటీలూ ఇంచుమించు సగం సగం. నాలుగు కణాలైనా లేని ప్రాణంలో అప్పటికే ఇద్దరి జన్యువులూ నిద్రలేచి, చెరో పని అందుకుని కూర్చున్నాయి. ప్రొఫెసరమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, అయితే మా ఆయనకి క్షమాపణ చెప్పాలి అంది.

వ్యాసం పంపే ముందు రోజు కొత్తమ్మాయి ఆవిడ గదికి వెళ్ళింది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆ నలభై పిండాల్నీ కడిగింది తనేననీ, ఒక్క నీళ్ళు పోసి మూడు అని రాసిందీ తనేననీ, బాబాయి చెప్పింది అబద్ధమనీ, వ్యాసంలోంచి తన పేరు తీసేసినా సరేననీ ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. ఆవిడ సొరుగు తెరిచి ఒక చీటీ తీసి బల్ల మీద పెట్టింది. బాబాయి సెలవు చీటీ. నాలుగు రోజుల తేదీలు, కింద ఆవిడ సంతకం.

"మీకు ఆ రోజే తెలుసా?"

"సంతకం పెట్టింది నేనేగా."

"మరి ఎందుకు ఊరుకున్నారు?"

"నువ్వొస్తావేమోనని చూశాను. నాలుగు నెలలు పట్టింది. నాకైతే ఆరు పట్టింది."

ఆమెకి అర్థం కాలేదు. ప్రొఫెసరమ్మ లేచి అలమర తీసి, అట్ట ఊడిపోయిన పాత పుస్తకం ఒకటి దించింది. మొదటి పేజీ తిప్పి వేలితో చూపించింది. పోయిన పిండాలు పద్నాలుగు, కారణం బాబాయి అతికడుగుడు.

"ఈ పద్నాలుగూ నావి" అంది ఆవిడ. "అది ఒప్పుకోవడానికే నాకు ఆరు నెలలు పట్టింది. అప్పట్లో నా చెయ్యి నీ చెయ్యి కన్నా ఘోరం. నెలకోసారి ఆయన్ని ఎందుకు మందలిస్తాననుకున్నావు? మందలించకపోతే, మీ పిండాలు మీరే పోగొట్టుకుంటున్నారని మీ అందరికీ తెలిసిపోదూ?"

వ్యాసంలో మొదటి పేరు అలాగే ఉంది. పుస్తకంలో మూడు అన్న అంకెని కొట్టేసి, పక్కన ఒకటి అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టమంది. కొత్తమ్మాయి పెట్టింది. ఇది జరిగి రెండేళ్ళయింది. ఆమెకి డిగ్రీ వచ్చింది, అదే ల్యాబులో ఉద్యోగం వచ్చింది, కిటికీ పక్కన ఆమెకి కూడా ఒక స్టూలు వచ్చింది. దాని మీద ఇప్పుడు ఒక కుర్రది కూర్చుని వణికే చేత్తో గొట్టం పట్టుకుంటోంది.

బాబాయి పోయిన పదిహేను రోజులకి కొత్తమ్మాయి ఆయన వస్తువులు తీసుకుని ఇంటికి వెళ్ళింది. కళ్ళజోడు, ల్యాబు కోటు, ఆయన సొంతంగా సానపట్టుకున్న మూడు సూదులు. ఇన్నేళ్ళలో ఆ ఇంటికి వెళ్ళడం అదే మొదటిసారి. వెళ్తూ వెళ్తూ, తడికాళ్ళతో గడప దాటకూడదనీ, ఏదీ ముట్టుకోకూడదనీ తనకి తానే చెప్పుకుంది. అద్దంలా మెరిసే ఇల్లు ఊహించుకుంది.

పిన్ని తలుపు తీసి, "నువ్వేనా కొత్తమ్మాయివి? నీ సంగతులు రోజూ వినేదాన్ని, రా" అని లోపలికి తీసుకెళ్ళింది. బాబాయి కుర్చీ కిటికీ దగ్గరుంది. దాని కింద పేపర్లు అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. కిటికీ గట్టు మీద టీ గ్లాసులు మూడు, అడుగున ఎండిపోయిన వలయాలతో. కుర్చీ చేతి మీద గోధుమరంగు మరక, దాని మీద ఇంకో మరక. కొత్తమ్మాయి ఆ గ్లాసుల వైపు అలాగే చూస్తుండిపోయింది. తియ్యాలనిపించలేదమ్మా, ఆయన వదిలేసినవి అంది పిన్ని.

ఆయన కదా అంతలా కడిగే మనిషి, ఇవెలా వదిలేశారని కొత్తమ్మాయి అడిగింది.

"కడగడమా?" అంది పిన్ని. "ఎవరు, మీ బాబాయా?"

కొత్తమ్మాయి సబ్బు సంగతి చెప్పింది. క్యాంటీను గ్లాసుల సంగతి, గొడుగు సంగతి చెప్పింది. పిన్ని మొదట నమ్మలేదు. తరవాత నవ్వడం మొదలుపెట్టి, ఆపుకోలేక కుర్చీ పట్టుకుంది. ఇద్దరూ కలిసి నవ్వారు. కళ్ళు తుడుచుకుంటూ పిన్ని చెప్పింది. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయనతో తను పడ్డ గొడవ అదొక్కటేనట. తాగిన గ్లాసు తాగినచోటే. అది కడిగితే మీ చేతులు అరిగిపోతాయా అని పోరితే, లేచి దాని మీద కాసిని నీళ్ళు చిలకరించేవారట.

"అదేం కడగడమండీ అంటే, ఒక నీళ్ళు చాల్లేవే, ఇక్కడెవరు చూడొచ్చారు, అనేవారు."